ఒజ్జ దగ్గర

గిరీశానికి హైస్కూల్లో ఉద్యోగం ఇప్పిస్తే ఏం జరుగుతుంది? మధురవాణికి ఒక తరగతి అప్పజెబితే? చండామార్కుల్ని తీసుకొచ్చి ఇంటర్మీడియెట్ హాస్టల్లో పెడితే? సాహిత్యం ఇష్టమైన నలుగురు చేరిన చోట ఇలాంటి ఊహలు పుడుతూనే ఉంటాయి. ఎవరి తీర్పు వారిది. నాకైతే ఈ పరీక్షకి మనుషులకన్నా ఒక పాతమాటే నమ్మకమైన ఇన్‌స్పెక్టరుగా తోస్తుంది. ఆ మాట ఒజ్జ.

ఇప్పుడెవరూ "మా ఒజ్జగారు ఇవాళ సెలవు పెట్టారు" అనరు. ఆ మాట పాత పద్యాల్లోనూ నిఘంటువుల్లోనూ తలదాచుకుంది. "ఒజ్జబంతి" అనే సమాసంలో మాత్రం ఇంకా కాస్త ఊపిరితో ఉంది. ఈ బంతి ఆడుకునే బంతి కాదు, భోజనాల బంతి. సంస్కృతంలో పంక్తి. అయ్యవారు పైన ఒక వరస రాసిస్తే పిల్లవాడు దాని కింద దిద్దుకుంటూ పోతాడు. ఆ పై వరసే ఒజ్జబంతి. దానికే ఒరవడి అని ఇంకో పేరు. ఆదర్శంగా నిలిచిన ఎవరినైనా చూపించి "ఒజ్జబంతి" అనడం ఆ తర్వాత వచ్చిన వాడుక.

ఒజ్జకి పుట్టిల్లు సంస్కృతం. ఉపాధ్యాయ శబ్దం ప్రాకృతంలో అడుగుపెట్టి ఉవజ్ఝాయ అయింది. "ధ్య" అన్న జంట ప్రాకృతం నోట్లో "జ్ఝ" అయిపోతుంది. సంధ్య సంఝ అయింది కనకే మనకి సంజ ఉంది, సంజెకెంపులున్నాయి. ఉవజ్ఝాయలో ముందున్న "ఉవ" ముడుచుకుపోయి ఒకారమైంది, వెనకున్న "ఆయ" అరిగిపోయింది, తెలుగువాడు ఒత్తు తీసేశాడు. నాలుగక్షరాల పెద్దమనిషి రెండక్షరాల ఇంటిమనిషి అయ్యాడు.

అదే మాట ఉత్తరాదిలో ఓఝా, మిథిలలో ఝా. బెంగాలీ రామాయణం రాసిన కృత్తివాసుడి ఇంటిపేరు ఓఝా. బెంగాలులోనే ముఖోపాధ్యాయ, చట్టోపాధ్యాయ, బందోపాధ్యాయ లాంటి నిండు ఇంటిపేర్లు జనం నోట ముఖుజ్జే, చాటుజ్జే అయి, దొరల కలం కింద ముఖర్జీ, చటర్జీ అయ్యాయి. కాబట్టి ఆ చివరి "జీ"ని చూసి గాంధీజీ, నెహ్రూజీలలో ఉన్న జీ అనుకోకూడదు. అందులో దాక్కున్నది మన ఒజ్జ. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడి పుట్టింటి పేరు చట్టోపాధ్యాయ. ఆమె తండ్రి అఘోరనాథుడు ఆ ఊళ్ళో కాలేజీ పెట్టి ఇంటిపేరుకి న్యాయం చేశాడు. శరత్‌బాబుదీ అదే ఇంటిపేరు. ఉపాధ్యాయుణ్ణి పేరులోనే మోసుకు తిరిగిన ఆ రచయిత సృష్టించిన దేవదాసు మాత్రం బడి ఎగ్గొట్టి పారిపోవడంతోనే కథలోకి వస్తాడు!

కన్నడదేశంలో ఈ మాట శిల్పుల పేర్ల చివర చేరింది. బేలూరు గుడిలో మదనికల్ని చెక్కిన వారిలో దాసోజుడొకడు. ఇటు తెలంగాణలో "ఓజు"తో ముగిసే విశ్వకర్మల ఇంటిపేర్లు ఇప్పటికీ కోకొల్లలు. ఉలి పట్టుకున్నవాడూ ఒజ్జే అని ఆ పేర్లు చెబుతున్నాయి. మరోవైపు హిందీ, బెంగాలీ పల్లెల్లో ఓఝా అంటే దయ్యాలు వదిలించేవాడు, పాముకాటుకి మంత్రం వేసేవాడు. బెత్తానికీ వేపమండకీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదన్నమాట.

తమిళంలో వాత్తియార్ కూడా ఉపాధ్యాయుడి వంశమే. సినిమా నటుడు ఎం.జి.రామచంద్రన్‌ని ఆయన అభిమానులు వాత్తియార్ అని పిలుచుకున్నారు. తెరమీది మనిషిని పంతులుగా చేసుకోవడం కొత్త సరదా ఏమీ కాదని దీనివల్ల తెలుస్తోంది. ఈ సంగతితో తర్వాత పని పడుతుంది.

అన్నిటికన్నా దూరం నడిచింది బౌద్ధుల మాట. ఖోతాన్, కూచా మీదుగా మధ్యాసియా ఎడారులు దాటి చైనాకి చేరి హెషాంగ్ అయింది. జపానులో ఓషో అయింది. ధ్యానం ఝానమై, చాన్ అయి, జెన్ అయినట్టే ఇదీను. జెన్ మఠంలో ఓషో గారూ, మన పలక మీద ఒజ్జగారూ వేలు విడిచిన అన్నదమ్ములు.

ఇంతకీ ఈ మాటకి అసలు అర్థమేమిటి? ఉప, అధి అని రెండు ఉపసర్గలు, వాటి వెనక "ఇఙ్" అనే ధాతువు. ఇది విచిత్రమైన ధాతువు. చదవడమని దాని అర్థమే గాని, "అధి" తోడు లేకుండా ఎప్పుడూ గడప దాటదు. ధాతుపాఠంలోనే ఆ షరతు ఉంది. ఇక "ఉప" అంటే దగ్గర. ఎవరి దగ్గరికి వెళ్ళి, ఎవరినుంచి చదువుకుంటారో అతను ఉపాధ్యాయుడని వ్యాకరణం చెప్పే వ్యుత్పత్తి.

గమనించండి, ఇందులో పంతులు చేసే పనేమీ లేదు! బోధించేవాడు, దండించేవాడు, అన్నీ తెలిసినవాడు, ఏదీ కాదు. నడిచి వచ్చేది శిష్యుడు, చదివేది శిష్యుడు. ఆ రాకకి చివర నిలబడి ఉన్న మనిషి పేరు ఉపాధ్యాయుడు. శిష్యుడికున్న అంతేవాసి అన్న పేరుకీ దగ్గర ఉండేవాడనే అర్థం. రెండు పేర్లలోనూ ఉన్నది ఒకటే సంగతి, దగ్గరితనం. సెల్‌ఫోన్ తెరమీద పాఠాలు చెప్పేవారిని ఏమనాలో పాణిని వర్గం వారు ఆలోచించాలి.

ఈ కొలబద్ద చేతికొచ్చింది కనక ఇక అభ్యర్థుల్ని పిలవచ్చు.

మొదటి దరఖాస్తు ద్రోణుడిది. పిండి కలిపిన నీళ్ళు తాగి పాలు తాగానని గంతులేసిన కొడుకుని చూడలేక బతుకుతెరువు కోసం బయల్దేరిన మనిషి. మనువు లెక్కలో వడుగు చేసి, వేదమంతా రహస్యాలతో సహా చెప్పేవాడు ఆచార్యుడు. వేదంలో ఏదో ఒక భాగమో వేదాంగాలో జీవిక కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు. పదిమంది ఉపాధ్యాయులు ఒక ఆచార్యుడి పెట్టు. వందమంది ఆచార్యులు ఒక తండ్రి పెట్టు. వెయ్యిమంది తండ్రులకన్నా తల్లి మిన్న. ఈ జాబితాలో చిట్టచివర కూర్చున్నది మన ఒజ్జే. ద్రోణుణ్ణి లోకమంతా ఆచార్య అంటుంది గాని, మనువు జీతాల పట్టీ ప్రకారం ఆయన ఉపాధ్యాయుడు. 1985 నుంచి ఆటల కోచ్‌లకి ప్రభుత్వం ఇస్తున్న పురస్కారం మీద కూడా "ద్రోణాచార్య" అనే ఉంటుంది. చనిపోయినవారికి పదోన్నతి ఇవ్వడంలో మనది ఎప్పుడూ పెద్ద చెయ్యే.

బౌద్ధుల దగ్గర ఈ అంతస్తు తలకిందులైంది. వినయపిటకంలో ఉపజ్ఝాయుడే ముఖ్యుడు. భిక్షువై కనీసం పదేళ్ళు నిండితేగాని ఆ స్థానానికి అర్హత రాదు. శిష్యుణ్ణి కొడుకులా చూడాలి, జబ్బుచేస్తే పక్కన ఉండి సేవ చేయాలి. ఆచార్యుడు ఆయన లేనప్పుడు ఆ బాధ్యత మోసేవాడు. అక్కడ పదిమందికి ఒకడు, ఇక్కడ ఒకరికి ఒకడు. చైనా వెళ్ళిన మాట ఇదీ, మనువు మాట కాదు. నాకు ఈ రెండోదే బాగుంది.

ఏకలవ్యుడి దగ్గర ఈ వ్యుత్పత్తి నీళ్ళు నములుతుంది. "అధి" నిండుగా ఉంది, ఆ కుర్రవాడిలా చదివినవాడు లేడు. "ఉప" మాత్రం లేదు, దగ్గరికి రానివ్వలేదు. వస్తానన్నవాణ్ణి కాదన్నాయన ఉపాధ్యాయుడు ఎలా అవుతాడని నిలదీస్తే, ద్రోణుడి తరఫున వ్యాకరణం వాదించలేదు. మట్టిబొమ్మకి "ఉప" కుదిరింది గాని, బొటనవేలు అడిగింది బొమ్మ కాదు. ఇప్పుడు గిరిజన పిల్లల కోసం పెట్టిన కేంద్ర గురుకులాలకి ఏకలవ్యుడి పేరు పెట్టారు. ఏ బడిలోనూ సీటు దొరకనివాడి పేరుమీద బడి! పేరు పెట్టినవారికి చమత్కారం ఉందో లేదో గాని, పేరుకి ఉంది.

ఇక చండామార్కులు. వీళ్ళ పేరుమీదే ఒక చిన్న పెత్తనం నడిచింది, కాసేపు ఆగి చూడాలి. ప్రహ్లాదుడికి చదువు చెప్పడానికి హిరణ్యకశిపుడు నియమించిన శుక్రుడి కొడుకులు వీరు. సంస్కృత భాగవతంలో షండామర్కులు. దాన్ని షండుడు, అమర్కుడు అని విడదీస్తారు. కాని వేదంలోకి వెళితే వీళ్ళ ఊసు ఇంకా పాతది. తైత్తిరీయ సంహితలో దేవతలకి బృహస్పతి పురోహితుడు, అసురులకి శండుడూ మర్కుడూను. రెండోవాడు అమర్కుడు కాడు, మర్కుడే. మరి మధ్యలో ఆ దీర్ఘం ఎక్కడిది? మిత్రుడూ వరుణుడూ కలిస్తే మిత్రావరుణులైనట్టు, వేదంలో జంట దేవతల పేర్లు కలిసినప్పుడు మొదటి పేరుకి దీర్ఘం వస్తుంది. శండా మర్కులు. ఆ దీర్ఘం సంగతి మరచిపోయిన తరాలవాళ్ళు దాన్ని సవర్ణదీర్ఘం అనుకుని, రెండోవాడికి ఒక అకారం పుట్టించి పెట్టారు.

శండుడు మన నోట చండుడు కావడం ఇంకా ముచ్చట. పిల్లల్ని హడలగొట్టే పంతులు చండుడు కాక శండుడెలా అవుతాడని జనం అనుకుని ఉంటారు. అయితే వేదవాక్యంలోనే, ముందున్న తకారంతో సంధి కలిసి ఆ శకారం ఛకారంగానే వినిపిస్తుంది. తెలుగువాడి తప్పుకి వేదప్రమాణం దొరికినట్టే! ఇక మర్కుడు మార్కుడు అయ్యాడు. ఆ మార్కులకీ పరీక్ష మార్కులకీ ఏ చుట్టరికమూ లేదని చెప్పడం నా విధి. నమ్మడం నమ్మకపోవడం పిల్లల తల్లిదండ్రుల ఇష్టం.

మన ఊళ్ళలో వీరికి ఉద్యోగం వెంటనే దొరుకుతుంది. తెల్లవారకముందే స్టడీ అవర్, రాజుగారికి వారం వారం ప్రోగ్రెస్ రిపోర్టు, ఫలితం రాకపోతే తప్పు పిల్లవాడిది. కాని ఒజ్జ పరీక్షలో నిలబడరు. ప్రహ్లాదుడు వాళ్ళ దగ్గరికి రాలేదు, పంపితే వచ్చాడు. నిజమైన "ఉప" జరిగింది ఇంకోచోట. పంతుళ్ళిద్దరూ ఇంటిపనుల మీద వెళ్ళినప్పుడు రాక్షస పిల్లలు ఆటలు మానేసి ప్రహ్లాదుడి చుట్టూ చేరారు. తరగతిలో ఒజ్జ ఉన్నాడు గాని కుర్చీలో లేడు.

పరమానందయ్యగారి సంగతి క్లుప్తంగా తేల్చేయచ్చు. ఆయన శిష్యులు ఆయన్ని విడిచి ఎక్కడికీ పోలేదు. "ఉప" వందకి వంద. "అధి" సున్నా. పిల్లలు ఇష్టపడే పంతులు, ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు మాత్రం సెలవు పెట్టించాలి.

గిరీశాన్ని అంత తేలిగ్గా తేల్చలేం. "కన్యాశుల్కం" 1892లో విజయనగరంలో ఆడినప్పటినుంచి, 1909లో గురజాడ దాన్ని తిరగరాసినప్పటినుంచి, ఆయన మన ట్యూషన్ మాస్టార్లందరికీ మూలపురుషుడు. పరీక్ష తప్పిన వెంకటేశాన్ని వెంటేసుకుని, సెలవుల్లో చదువు చెబుతానని కృష్ణరాయపురం అగ్రహారానికి బయల్దేరతాడు. కొడుకు ఇంగ్లీషు మాట్లాడితే చెవులారా వినాలని తల్లి ముచ్చట పడితే, గురుశిష్యులిద్దరూ చిన్నపిల్లల పాటలు వల్లించి ఆవిణ్ణి ఆనందపరుస్తారు. ఆ సన్నివేశంలో వంచన ఉందంటారు. ఉంది. కాని నన్నడిగితే అందులో తర్వాతి నూరేళ్ళ ఇంగ్లీషు మీడియం చరిత్ర మొత్తం ఉంది.

వెంకటేశం గిరీశం దగ్గరికి తనంత తానే వస్తాడు, వదలడు. అంటే "ఉప" ఉంది. ఏం చదివాడు? చుట్ట కాల్చడం, లెక్చరు వినడం. అయినా ఒక్కమాట ఒప్పుకోవాలి. మాటని ఎలా తిప్పాలో, ఎదుటివాడికి ఏది వినాలని ఉందో అది ఎలా వినిపించాలో వెంకటేశం నేర్చుకున్నాడు. అది సిలబస్‌లో లేదంతే. గిరీశానికి బడిలో ఉద్యోగం ఇస్తే మొదటి సంవత్సరం ఉత్తమ ఉపాధ్యాయుడని సన్మానం, రెండో సంవత్సరం బదిలీ. తీర్మానం మీద సంతకం చేసేది సౌజన్యారావు పంతులుగారే అయి ఉంటారు.

పంతులు అన్నాం కాబట్టి ఒకమాట. పండితులు అరిగి పంతులు అయింది. మరాఠీలో పంత్, పాత మరాఠీ బడుల్లో పంతోజీ. కోస్తాలో పంతులుగారంటే ముందు బడి గుర్తుకొస్తుంది, తెలంగాణలో పెళ్ళిపీటలు గుర్తుకొస్తాయి, అక్కడ బడిలో ఉన్నాయన సారు. ఇక మాస్టారు లాటిన్ మెజిస్టర్‌కి మనవడు. "ఎక్కువ" అనే మాటనుంచి పుట్టిన మనిషి. మినిస్టరు "తక్కువ" అనే మాటనుంచి పుట్టాడు. బదిలీల సీజన్లో ఈ వ్యుత్పత్తిని పైకి చెప్పడం క్షేమం కాదు.

ఇప్పుడు మధురవాణి. ఆడవాళ్ళకి ఈ మాట చోటిస్తుందా అని ముందు చూసుకోవాలి. సంస్కృత వ్యాకరణం ఇక్కడ ఆశ్చర్యపరుస్తుంది. ఉపాధ్యాయుడి భార్య ఉపాధ్యాయాని. స్వయంగా చదువు చెప్పే స్త్రీ ఉపాధ్యాయ, లేదా ఉపాధ్యాయి. అమరకోశం ఈ తేడాని పనిగట్టుకుని చెప్పింది. మనుషులు ఉంటేనే కదా మాటలు కావలసి వచ్చేది. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికి దానమిచ్చిన వారి ప్రాకృత శాసనాల్లో సముదియ అనే భిక్షుణి పేరుకి "ఉవఝాయిని" అన్న బిరుదు ఉంది. ఆమెకి ఒక శిష్యురాలు, అంతేవాసిని. ఒజ్జ తెలుగుమాట కాకముందే తెలుగునేల మీద ఆడ ఒజ్జ ఉందన్నమాట.

తెలుగు నిఘంటువుల్లో దొరికేది ఒజ్జసాని. ఒజ్జ భార్య. ఈ "సాని" స్వామిని శబ్దం నుంచి వచ్చింది. కాకతీయుల కాలపు శాసనాల్లో పెద్దింటి స్త్రీల పేర్ల చివర గౌరవంగా నిలిచిన మాట. దొరసానిలో ఆ దర్జా ఇంకా మిగిలింది. విడిగా ఉన్న సాని మాత్రం కాలం గడిచేకొద్దీ దిగజారి, మధురవాణి నాటికి వెలయాలు అయింది. దిగజారింది మాటా, దాన్ని పలికిన నోళ్ళా అని నాకో అనుమానం.

మధురవాణి దగ్గరికి వచ్చేవాళ్ళు చదువుకోసం రారు. అయినా చదువుకుని వెళతారు. చెడనివాళ్ళని చెడగొట్టనని తల్లికి మాట ఇచ్చిన మనిషి ఆమె. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల్లో అంతకన్నా మంచి ప్రమాణం ఏం చేయిస్తారో నాకు తెలియదు. సానుల నీడ సోకకూడదనుకునే సౌజన్యారావు పంతులు దగ్గరికి మగవేషంలో వెళ్ళి, ఆయన నమ్మకాన్ని ఆయనచేతే తిరగేసి చూపిస్తుంది. ఎదుటివాడికి తెలిసినదాంట్లోంచే ప్రశ్న పుట్టించడం, జవాబు తాను చెప్పకపోవడం, ఇదీ పాఠం. కాకపోతే ఇక్కడ దగ్గరికి నడిచి వెళ్ళింది ఒజ్జ, శిష్యుడు కాదు. నా పట్టికలో మొదటి ర్యాంకు ఆమెదే. ఆమెని ఒజ్జసాని అందామా? మాటలోని రెండు భాగాలకీ పాత గౌరవం తిరిగి వచ్చినట్టవుతుంది. అభ్యంతరం ఉన్నవారు సముదియ బిరుదు వాడుకోవచ్చు.

ఇంతవరకూ నాటకాల్లో మనుషుల్ని బడికి తెస్తున్నాం గాని, దీనికి వ్యాకరణంలోనే ఒక అడ్డంకి ఉంది. ఎవరినుంచి చదువు నేర్చుకుంటామో ఆ మనిషికి సంస్కృతంలో పంచమీ విభక్తి వేయాలని పాణిని సూత్రం. ఉపాధ్యాయుడికి పంచమి. అయితే అది నియమంగా సాగే చదువైతేనే. నటుడి నోటనో, పురాణం చెప్పేవాడి నోటనో విన్నదానికి పంచమి రాదు, షష్ఠి వేసుకోవాలి. ఉదాహరణకి నటుణ్ణే తెచ్చారు వ్యాఖ్యాతలు. పతంజలి అయితే జనం రంగస్థలానికి వెళ్ళి నటుల మాటలు వింటారు కదా అని చర్చ కూడా లేవదీశాడు. రెండువేల ఏళ్ళ కిందటే ఈ ప్రశ్న ఉందన్నమాట, వేషం కట్టినవాడు పంతులవుతాడా అని.

తెలుగు ఈ తగువుని ఇంకోలా తీర్చుకుంది. మనం మాస్టారి నుంచి చదువుకోము. మాస్టారి దగ్గర చదువుకుంటాం. సంగీతం ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడుగుతాం. ఉపాధ్యాయలో అరిగిపోయి ఒకారంలో కలిసిపోయిన "ఉప", తెలుగు వాక్యంలో "దగ్గర" అయి తిరిగి వచ్చి కూర్చుంది. నటుడి విషయంలో నోట విన్నామంటాం, నాటకంలో చూశామంటాం. ఈమధ్య పత్రికల్లో వైఫల్యాల నుంచి పాఠాలు, అనుభవాల నుంచి గుణపాఠాలు కనిపిస్తున్నాయి. అవి ఇంగ్లీషు పంచమి.

ఈ నియమానికి చిక్కు తెచ్చినవాడు కూడా కన్యాశుల్కంలోనే ఉన్నాడు. కరటకశాస్త్రి. రాజుగారి నాటక సమాజంలో విదూషకుడు, అంటే పతంజలి చెప్పిన ఆ నటుడే. ఆయన వెంట ఒక శిష్యుడు. ఆ కుర్రవాడికి ఆడపిల్ల వేషం వేసి, నడక నేర్పి, మాట నేర్పి, ముసలి లుబ్ధావధాన్లకి పెళ్ళికూతురుగా అంటగడతాడు. శిష్యుడు అగ్రహారం పెద్దల కళ్ళెదుటే పెళ్ళిపీటల మీద కూర్చుని, కాపరానికి వెళ్ళి, అవధాన్లని బెదరగొట్టి, దొరక్కుండా జారుకుంటాడు. నాటకం మొత్తంలో గురువు చెప్పింది చెప్పినట్టు నేర్చుకుని, అవసరానికి సొంత తెలివి జోడించి, పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్న విద్యార్థి వాడొక్కడే. వెంకటేశం పక్కన నిలబెడితే తేడా తెలుస్తుంది.

ఇది నియమంగా సాగిన చదువా, నటుడి నోట విన్న మాటా? కరటకశాస్త్రికి పంచమి వేయాలా, షష్ఠితో సరిపెట్టాలా? వ్యాకరణవేత్తలు తేల్చుకునేలోగా బడివారు ఆయన్ని తీసుకోవచ్చు. హాజరుపట్టీలో సగం రోజులు "నాటకం" అని ఉంటుంది. ఆడపిల్ల గొంతు పెట్టిన శిష్యుణ్ణి ఎవరైనా ఆపి అడిగితే మాత్రం వాడు తడుముకోకుండా చెబుతాడు, శాస్త్రులుగారి దగ్గర చదువుకున్నానని.